కోచ్‌కి ఆట తెలిసిపోయింది

మా జూట్ మిల్లు బాస్కెట్‌బాల్ జట్టు వరసగా ఐదేళ్లు ఓడిపోయింది. ఓడిపోవడం మాకు కొత్త కాదు. ఎందుకు ఓడిపోతున్నామో తెలియడమే కొత్త. ఆ కారణాన్ని మా వెల్ఫేర్ ఆఫీసరు విశ్వేశ్వరం గారు ఒక్క మధ్యాహ్నంలో, భోజనానికీ టీకీ మధ్యన కనిపెట్టారు.

ముందు మా కోర్టు సంగతి చెప్పాలి. మిల్లు గేటు పక్కన సిమెంటు కోర్టు. దానికి ఒక వైపు ఏడు మెట్లు. షిఫ్టు దిగినవాళ్లు, రిటైరైనవాళ్లు, దర్జీ దాలినాయుడు, ఉడకబెట్టిన వేరుశెనగకాయలు అమ్మే అప్పయ్యమ్మ, స్పిన్నింగులో ముప్పై ఆరేళ్లు చేసి దిగిన నేను, సాయంత్రమైతే అందరం ఆ మెట్ల మీదే. మాకో ఆచారం ఉంది. జట్టు ఓడిన రోజు కోచ్ వచ్చి మెట్ల ముందు నిలబడాలి. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా ఒక్కొక్కరూ అనాలనుకున్నది అంటారు. ఆయన నోరెత్తకుండా వినాలి. చివర్లో అప్పయ్యమ్మ ఆయన దోసిట్లో కాసిని కాయలు పోస్తుంది. అంటే మర్నాటి నుంచి మళ్లీ ఆయనే కోచ్ అని. డేవిడ్ మాస్టారు ఇరవై రెండేళ్లు అలా నిలబడ్డారు.

ఆ ఏడాది మిల్లు మేనేజరు గేటు దగ్గర నోటీసు అంటించారు. జిల్లా లీగులో ఈసారి మనకున్నవి నాలుగు మ్యాచ్‌లు. కనీసం రెండు గెలవాలి. గెలవకపోతే కోర్టు పగలగొట్టి నార బేళ్లకు గోదాం కడతారు. ఆటగాళ్లను నారకు నూనె పట్టించే విభాగంలోకి పంపుతారు. ఆ నూనె వాసన పెళ్లికి వెళ్లినా, చావుకి వెళ్లినా మనకంటే ముందు వెళ్తుంది.

అప్పుడు విశ్వేశ్వరం గారు క్రీడా సంక్షేమ కమిటీని పిలిచారు. అందులో కార్మికుల తరఫున ఒకరుండాలని రూలు. సంతకం పెట్టడం వచ్చు కాబట్టి ఆ ఒకరూ నేనే.

"మిత్రులారా," అన్నారాయన, "నేను జిల్లాలోని శిక్షకులందరి వివరాలనూ శాస్త్రీయంగా అధ్యయనం చేశాను. డేవిడ్ గారి అనుభవం ఇరవై రెండేళ్లు. ఓటములు నూట పధ్నాలుగు. పదేళ్ల అనుభవం ఉన్న మరొకరికి ఓటములు యాభై ఒకటి. రెండేళ్లున్న వ్యక్తికి తొమ్మిది. దీన్నిబట్టి మీకేమి బోధపడుతోంది?"

ఎవరికీ ఏమీ బోధపడలేదు.

"అనుభవం తగ్గుతున్నకొద్దీ ఓటములు తగ్గుతున్నాయి. అనుభవమే లేని వ్యక్తి ఇంతవరకూ ఒక్క మ్యాచ్ అయినా ఓడిపోయిన దాఖలా ఈ జిల్లాలో లేదు."

మేనేజరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంత పెద్ద విషయం ఇన్నాళ్లూ తమ కళ్లెదుటే ఉండి కనపడలేదని ఆయన బాధ.

డేవిడ్ మాస్టారికి శాలువా కప్పి పంపించేశారు. కొత్త ప్రధాన శిక్షకుడి కోసం ప్రకటన వేశారు. అర్హత ఒక్కటే. తహసీల్దారు గారి దగ్గర నుంచి 'అనుభవ రాహిత్య ధ్రువపత్రం' తేవాలి. తహసీల్దారు ఆఫీసులో ఆ ఫారం లేదు. మూడు రోజుల్లో తయారు చేశారు. అందులో 'ఇంతవరకు చూడని మ్యాచ్‌ల సంఖ్య' అని ఒక గడి కూడా పెట్టారు. చాలామంది దరఖాస్తులు ఆ గడి దగ్గరే ఆగిపోయాయి.

ఇంటర్వ్యూలో నేనూ కూర్చున్నాను. మొదట ఒక కుర్రాడొచ్చాడు.

"బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టుకు ఎందరు?" అని అడిగారు విశ్వేశ్వరం గారు.

"అయిదుగురు సార్."

ఆయన కలం కింద పెట్టేశారు. "ఎవరు చెప్పారు మీకు?"

"మా తమ్ముడు ఆడేవోడండి."

"రక్త సంబంధం ద్వారా సంక్రమించిన అనుభవం," అని రాసుకుని పంపేశారు.

అలా పదకొండు మంది పోయారు. చివరికి రికార్డు రూము గుమస్తా పకీర్నాయుడు లోపలికొచ్చాడు. అతను దరఖాస్తు పెట్టలేదు. మేనేజరు గారికి ఫైలు ఇవ్వడానికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, చొక్కా చేతులకు ఎప్పుడూ దుమ్ము.

"ఏమయ్యా, నువ్వెప్పుడైనా బాస్కెట్‌బాల్ చూశావా?"

"నాను పన్నెండేళ్ల నుంచి రికార్డు రూములో ఉన్నాను సార్. కిటికీ కోర్టేపు లేదు."

"ఒక జట్టులో ఎందరుండాలి?"

"తమరు ఎంతమందిని శాంక్షన్ సేస్తే అంతమంది సార్."

విశ్వేశ్వరం గారు లేచి అతని చెయ్యి పట్టుకున్నారు. కిటికీ నిజంగానే అటువైపు లేదని ఇంజినీరింగు విభాగం ఆ సాయంత్రమే రాసి ఇచ్చింది.

మెట్ల మీద మంటలు లేచాయి. దాలినాయుడు రాత్రింబవళ్లు మిషను తొక్కి అరవై నల్ల బ్యాడ్జీలు కుట్టాడు. "మావా, నా దగ్గర గుండీలు కుట్టడం నేర్సుకోడానికే రెండేళ్లు పడతాది," అన్నాడు నాతో. "ఈడు జట్టుని కుట్టేస్తాడేటి? నువ్వు కమిటీలో కూకొని ఏటి సేసినావు?"

"సంతకం పెట్టినాను," అన్నాను.

"సదవకుండానా?"

"సదివి పెట్టడానికి నన్నెందుకు కూకోబెడతారు?"

అప్పయ్యమ్మ కాయల బుట్ట దించి, "నాను నాలుగు సార్లు మాడ్సినాక గానీ ఉప్పు పాళం తెల్లేదు నాకు," అంది. "ఆ బాబుకి కుండే తెల్దు."

అందరం గేటు ముందు కూర్చున్నాం. 'అనుభవం లేని కోచ్ మాకొద్దు' అని అరిచాం. విశ్వేశ్వరం గారు బయటికి వచ్చి చాలా మర్యాదగా మాట్లాడారు.

"మీ ఆవేదనను యాజమాన్యం సానుభూతితో పరిశీలించింది. కానీ మీరంతా అనుభవజ్ఞులైన అభిమానులు. నూట పధ్నాలుగు ఓటములను కళ్లారా చూసినవారు. మీ అభిప్రాయం ఓటమితో కలుషితమై ఉంది. మ్యాచ్ చూడనివారెవరైనా వచ్చి వ్యతిరేకిస్తే తప్పక ఆలోచిస్తాం."

మ్యాచ్ చూడనివాళ్లు ఎవరూ వ్యతిరేకించలేదు. వాళ్లకు మ్యాచ్ సంగతే తెలియదు.

మొదటి మ్యాచ్ ముప్పై ఒకటికి డెబ్బై ఎనిమిది. మేం ముప్పై ఒకటి. ఓడిపోతామని తెలుసు గానీ, ఇంత ఓడిపోతామని మాకూ తెలియదు. కెప్టెన్ తవిటినాయుడు తువ్వాలు నెత్తిన కప్పుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"తాతా, ఆ బాబు బంతిని ఫైలు పట్టుకున్నట్టు రెండు సేతుల్తో ఎత్తుకొచ్చి ఇచ్చినాడు. 'ఇది ఎవులికి పంపాల' అని అడిగినాడు."

ఆచారం ప్రకారం పకీర్నాయుడు మెట్ల ముందు నిలబడ్డాడు. పై మెట్టు నుంచి మొదలుపెట్టారు. దాలినాయుడు తన వంతు రాగానే, "నీకు కోర్టుకి ఎన్ని మూలలుంటాయో తెలుసా?" అన్నాడు.

పకీర్నాయుడు జేబులోంచి పుస్తకం తీశాడు. "ఎన్నండి?" అన్నాడు, పెన్ను పట్టుకుని.

వెటకారమేమో అనుకున్నాం. కాదు. అతను నిజంగానే రాసుకోవడానికి నిలబడ్డాడు.

"మీరు ఇన్నేళ్లు సూసినారు గదండి. నాను ఏటి సేసుండాల? ఒక్కొక్కలూ సెప్పండి, నంబర్లేసి రాసుకుంతాను."

ఇరవై రెండేళ్లుగా తిట్టాం గానీ ఏం చెయ్యాలని మమ్మల్ని ఎవరూ అడగలేదు. దాలినాయుడు గొంతు సవరించుకుని, "మన పొట్టోళ్లు బుట్ట కింద నిలబడకూడదు," అన్నాడు, తిట్టే గొంతు ఎక్కడో జారవిడుచుకున్నట్టు. ఆ పక్కనున్నవాడు కాదన్నాడు. వాళ్లిద్దరూ కలబడ్డారు. పకీర్నాయుడు ఇద్దరి మాటా రాసుకుని, 'ఒకటవ, రెండవ అంశములు పరస్పర విరుద్ధం, పరీక్షించవలెను' అని కింద గీత గీశాడు. ఎనిమిదయ్యేదాకా రాస్తూనే ఉన్నాడు. అప్పయ్యమ్మ ఇంటికి వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి కాయలు పోసింది.

మర్నాటి నుంచి రికార్డు రూములో పని అవగానే కోర్టుకు వచ్చేవాడు. మేం చెప్పినవన్నీ వరసగా ఆడించి చూశాడు. పనికిరానివి కొట్టేశాడు. నేను చెప్పినవి మూడూ కొట్టేశాడు. నాకు కోపం రాలేదు, ఎందుకు కొట్టేశాడో కూర్చోబెట్టి చెప్పాడు. పాత స్కోరు షీట్లు ఐదేళ్లవీ రికార్డు రూములో ఉన్న గోతాంలోంచి తీసి, దుమ్ము దులిపి, ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఫౌల్ చేస్తారో చదివాడు. ఐదు ఫౌల్స్ అయితే ఆటగాడు బయటికి పోవాలని అందరికీ తెలుసు. అవి లెక్కబెట్టి పెట్టుకోవాలని అతనికే తోచింది.

రెండో మ్యాచ్ సిమెంటు ఫ్యాక్టరీ జట్టుతో. ఇంక రెండు నిమిషాలు కూడా లేవు, మూడు పాయింట్లు వెనక ఉన్నాం. పకీర్నాయుడు లేచి టైమౌట్ అడిగాడు.

"తవిటీ, ఆ పొడుగోడికి నాలుగు అయిపోనాయి," అన్నాడు. "ఆడు అలిసిపోతే సెయ్యి అడ్డం పెడతాడు. ఐదేళ్ల నుంచీ అదే అలవాటు. నువ్వు తప్పుకోకు. ఆడి మీదకే ఎల్లు."

తవిటినాయుడు అతని మీదికే వెళ్లాడు. పొడుగోడు చెయ్యి అడ్డం పెట్టాడు. రిఫరీ విజిలేశాడు. పొడుగోడు బయటికి పోయాక వాళ్ల బుట్ట కింద తలుపు తీసినట్టయింది. రెండు పాయింట్లతో గెలిచాం. దాలినాయుడు నల్ల బ్యాడ్జీ పీకి, దాంతోనే కళ్లు తుడుచుకున్నాడు. ఇంకొక్కటి గెలిస్తే కోర్టు నిలుస్తుంది.

మూడో రోజున పకీర్నాయుడికి నోటీసు వచ్చింది. 'ది. పదకొండున జరిగిన మ్యాచ్‌లో మీరు సరైన సమయంలో సరైన సలహా ఇచ్చినట్లు యాజమాన్యం దృష్టికి వచ్చినది. విధి నిర్వహణలో అనుభవం సంపాదించిన అభియోగంపై మీ మీద చర్య ఏల తీసుకోరాదో వివరించవలెను.'

విచారణకు ముందు తవిటినాయుడు అతన్ని గోడ పక్కకు లాక్కెళ్లాడు. నేనూ ఉన్నాను.

"బావూ, నీ కాళ్లు పట్టుకుంతాను. ఏటీ తెల్దని సెప్పేయ్. టైమౌట్ ఎందుకడిగినావంటే దాహమేసిందను. నువ్వు పోతే ఆ రెండో గెలుపు మనకి రాదు. మాకు ఆ నూనె గోతాలే గతి."

"అలాగే," అన్నాడు పకీర్నాయుడు. "దాహమేసిందంతాను."

లోపల విశ్వేశ్వరం గారు కూడా అదే కోరుకుంటున్నట్టు కనిపించారు. చాలా సౌమ్యంగా అడిగారు. "నాయుడూ, నీ మీద మాకు వ్యక్తిగతంగా ఎలాంటి దురభిప్రాయం లేదు. ఆ విరామం యాదృచ్ఛికంగా, అజ్ఞానంతో కోరినదే కదా?"

"అవున్సార్. దాహమేసింది."

"చాలా సంతోషం. రాసుకోండి, దాహం." ఆయన ఫైలు మూయబోతూ మేనేజరు గారి వైపు తిరిగి, "చూశారా సార్, అంతా అదృష్టం. ఆ పొడుగు వ్యక్తి తనంతట తనే బయటికి పోయాడు," అన్నారు.

పకీర్నాయుడు కుర్చీలో కదిలాడు. నేను పక్క కుర్చీలోంచి కాలితో అతని కాలు తొక్కాను.

"తనంతట తాను పోలేద్సార్," అన్నాడు.

ఇక ఆపలేకపోయాం. బల్ల మీద ఇంకు స్టాండుని బుట్ట చేశాడు. పేపరు వెయిట్లని మా వాళ్లని చేశాడు. మేనేజరు గారి రబ్బరు స్టాంపుని పొడుగోడిని చేసి, అది ఎటు జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో, అప్పుడు ఏ మూల ఖాళీ అవుతుందో చూపించాడు. పన్నెండేళ్లు కోర్టు వైపు కిటికీ లేని గదిలో కూర్చున్న మనిషి ముఖంలో అంత వెలుతురు నేనెప్పుడూ చూడలేదు. మేనేజరు గారు కూడా ముందుకు వంగి, "అప్పుడు ఇది ఇటు రావచ్చు కదా?" అని ఒక పేపరు వెయిటు జరిపారు. తర్వాత గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నేరం అంగీకరించడమైనది," అని రాయించారు విశ్వేశ్వరం గారు.

పకీర్నాయుడిని రికార్డు రూముకు పంపేశారు. ఒక మ్యాచ్ నడిపినా అనుభవం అంటుకుంటుంది కాబట్టి ఇకమీదట మ్యాచ్‌కొక కొత్త శిక్షకుడని సర్క్యులర్ వచ్చింది. ప్రధాన శిక్షకుడికి ఆట గురించి ఎవరు ఏ సమాచారం ఇచ్చినా శిక్షార్హులని అందులోనే ఇంకో వాక్యం.

మళ్లీ ధర్నా చేద్దామని నేను మెట్ల దగ్గరికి వెళ్లాను. నలుగురే ఉన్నారు. ఆ నలుగురూ కోర్టుకు వీపు పెట్టి కూర్చున్నారు.

"ఏటర్రా?" అన్నాను.

"ఏటీ లేదు మావా," అన్నాడు దాలినాయుడు, గేటు వైపు చూస్తూనే. "ఎవులికైనా అవ్వొచ్చు గదా కోచ్ పని. మనం ఎందుకు సూసి పాడుసేసుకోవాల?"

మ్యాచ్‌కొక కోచ్ అనేసరికి ఊళ్లో ప్రతివాడికీ ఆశ పుట్టింది. గోడకున్న జట్టు ఫొటోలు దించేశారు. ఎదురుపడితే స్కోరు అడిగేవాళ్లు ఇప్పుడు ఎండల సంగతి మాట్లాడుతున్నారు. ఐదేళ్ల ఓటములు ఖాళీ చెయ్యలేని మెట్లని ఆ సర్క్యులర్ రెండు రోజుల్లో ఖాళీ చేసింది.

మూడో మ్యాచ్‌కి ప్రధాన శిక్షకుడు దాలినాయుడే. ఇరవై ఏళ్లు మెట్ల మీద కూర్చున్నా తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉన్నానని, ఏ ఒక్క బంతినీ చూడలేదని ప్రమాణపత్రం ఇచ్చాడు.

ఆ రోజు అతని అవస్థ చూడాలి. మా వాళ్లు బుట్ట కింద గుంపుగా నిలబడ్డారు. అలా నిలబడకూడదని పకీర్నాయుడి పుస్తకంలో రాయించిందే తను. నోరు తెరిస్తే తెలుసని తెలిసిపోతుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. తవిటినాయుడు పరుగెత్తుకొచ్చి, "బావూ, ఏటి సెయ్యమంతావు?" అంటే ఆకాశంకేసి చూశాడు. పదిహేడు పాయింట్లతో ఓడిపోయాం.

ఆచారం ప్రకారం మెట్ల ముందు నిలబడ్డాడు. తిట్టేవాళ్లు లేరు. తిడితే ఆట తెలిసినట్టు. అప్పయ్యమ్మ ఒక్కతే అంది.

"దాలీ, ఆ బాబుకి తెల్దు, తెల్సుకున్నాడు. నీకు తెల్సు, తెల్దన్నావు. నీకు కాయలెయ్యను, ఎల్లు."

దాలినాయుడు ఆ రోజు ఇంటికి దొడ్డిదారిన వెళ్లాడు.

ఇక మిగిలింది ఒక్క మ్యాచ్, పంచదార ఫ్యాక్టరీ జట్టుతో. ఓడితే గోదామే. ఇటుకలు అప్పుడే లారీలో వచ్చి గేటు దగ్గర దిగాయి. ఈసారి పొరపాటు జరగకూడదని కమిటీ జిల్లా అంతా గాలించి, అచ్చమైన అనుభవ రాహిత్యం ఒక్కరిలోనే ఉందని తేల్చింది. పదకొండేళ్లుగా క్రీడా సంక్షేమం చూస్తూ ఒక్క మ్యాచ్‌కీ రాని విశ్వేశ్వరం గారిలో. ఈసారి తహసీల్దారు దాకా పోలేదు, ధ్రువపత్రం మీద పుచ్చుకునేవారి చోటా, ఇచ్చేవారి చోటా ఆయన సంతకమే పడింది.

మ్యాచ్ రోజు కోటు మీద పెద్ద గులాబీ రంగు బ్యాడ్జీ పెట్టుకుని వచ్చారు. కోర్టు పక్కన రెండు బెంచీలున్నాయి. ఆయన అటూ ఇటూ చూశారు. మన బెంచీ ఏదో చెప్పడం సమాచారం ఇవ్వడమే కాబట్టి ఎవరం చెప్పలేదు. మన జట్టు ఏ రంగు చొక్కా వేసుకుంటుందో ఆయనకెవరూ చెప్పి ఉండలేదు. నేరుగా పంచదార ఫ్యాక్టరీ బెంచీ దగ్గరికి వెళ్లారు.

వాళ్ల కోచ్, పాపం మంచివాడు, కోటూ బ్యాడ్జీ చూసి ఎవరో పెద్ద ఆఫీసరనుకుని లేచి నిలబడి తన కుర్చీ ఇచ్చాడు. నమస్కారం పెట్టాడు. ఆపైన తిరిగి అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

విశ్వేశ్వరం గారు శ్రద్ధగా పనిచేశారు. వాళ్లలో బాగా ఆడుతున్నవాణ్ణి పిలిచి, "నీవు అధికంగా శ్రమిస్తున్నావు. సంక్షేమ దృష్ట్యా విశ్రమించు," అని కూర్చోబెట్టారు. వాళ్ల పొడుగువాణ్ణి మంచినీళ్లకు పంపారు. వాళ్లు జోరు మీదున్నప్పుడల్లా టైమౌట్ అడిగి క్రమశిక్షణ మీద మాట్లాడారు. వాళ్లు చేతులు కట్టుకుని విన్నారు. ఇటు మా బెంచీ మీద ఎవరూ లేరు. తవిటినాయుడు తనే పకీర్నాయుడు చెప్పినవన్నీ గుర్తు తెచ్చుకుని ఆడాడు. ఒక్క పాయింటుతో గెలిచాం.

గెలిచింది ఎవరో విశ్వేశ్వరం గారికి మర్నాడు ఫైల్లో చూశాక తెలిసింది. అప్పుడు చాలా సంతోషించారు. తన సిద్ధాంతం నిరూపితమైందని నివేదిక రాశారు. మేనేజరు గారు ఆయనకు శాలువా కప్పారు. ఇటుకలు మళ్లీ లారీ ఎక్కాయి. కోర్టు నిలిచింది.

దాని తర్వాత కమిటీ ఇంకో తీర్మానం చేసింది. రెండు మ్యాచ్‌లు గెలిచిన ఆటగాళ్లకు విపరీతమైన అనుభవం పట్టింది కాబట్టి అందరినీ నూనె పట్టించే విభాగానికి బదిలీ చెయ్యాలి. వచ్చే ఏడాది జట్టును అనుభవం లేనివాళ్లతో కట్టాలి. ఈలోగా ఎవరైనా ప్రాక్టీసు చేసి అనుభవం సంపాదించే ప్రమాదం ఉంది కాబట్టి కోర్టు చుట్టూ కంచె వేసి తాళం పెట్టాలి. కార్మికుల తరఫున నేను సంతకం పెట్టనన్నాను. విశ్వేశ్వరం గారు నవ్వి, "పరవాలేదు, మీకు సంతకాల్లో అనుభవం ఎక్కువైంది," అని నన్ను కమిటీ నుంచి తీసేశారు.

కంచె పడిన వారానికి ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చున్నాను. తవిటినాయుడు నూనె వాసనతో వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి పకీర్నాయుడు వచ్చాడు. అప్పయ్యమ్మ వచ్చింది. ఒక్కొక్కరూ వచ్చి మెట్లన్నీ నిండాయి. చివర్లో దాలినాయుడు వచ్చి కింది మెట్టు మీద, కోర్టు వైపు తిరిగే కూర్చున్నాడు. పకీర్నాయుడు ఖాళీ కోర్టు వైపు వేలు చూపించి, పంచదార ఫ్యాక్టరీ మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాల గురించి తవిటినాయుడిని అడుగుతున్నాడు.

అప్పుడు విశ్వేశ్వరం గారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. వచ్చే ఏడాది జట్టుకు మనుషుల్ని వెతుకుతున్నారు.

"ఇక్కడ ఏమి చర్చిస్తున్నారు?"

"ఏటీ లేదు బాబూ," అన్నాడు తవిటినాయుడు.

"నీకు బాస్కెట్‌బాల్ తెలుసా?" అని కింది మెట్టు వాణ్ణి అడిగారు.

దాలినాయుడు నా వైపు చూశాడు, తర్వాత పకీర్నాయుడి వైపు. "నాకేటీ తెల్దు బాబూ," అన్నాడు. వెనక మెట్టు కూడా అదే అంది. ఆ పై మెట్టూ అంతే. అప్పయ్యమ్మ "అది తింతారేటి బాబూ?" అని అడిగింది.

విశ్వేశ్వరం గారి కళ్లు చెమర్చాయి. ఇన్ని అర్హతలు ఒక్కచోట ఆయన ఎన్నడూ చూడలేదట. మెట్టు మెట్టుకూ వచ్చి, తెలియదన్న మాటే అర్హతగా అందరి పేర్లూ రాసుకుని, ఆట తెలియనివాళ్ల చేతిలో కోర్టుకు ప్రమాదం లేదని, వచ్చే సోమవారం తాళంచెవులు పంపిస్తానని చెప్పి వెళ్లిపోయారు.

ఆయన గేటు దాటేదాకా ఆగి, పకీర్నాయుడు గొంతు తగ్గించాడు.

"తవిటీ, అక్కడ ఎడం పక్కకి నువ్వు ఇంకొక్క అడుగు ఏసుండాల్సింది. సోమారం సూపిస్తాను."